పొరుగువాని వేలము

మా మిత్రుడొకడు కొన్ని దినముల క్రిందట మా యొద్దకు వచ్చి యొక ప్రశ్న వేసెను. అతని చేనికి గట్టు ప్రక్కనే మఱియొక రైతునకు రెండెకరముల భూమి కలదు. ఆ రైతు అప్పులపాలయ్యెను. ఋణదాత దావా తెచ్చి డిక్రీ పొందెను. భూమి కోర్టు వేలమునకు వచ్చెను. “నే నతనిని అప్పు చేయుమని ప్రోత్సహింపలేదు. అతని పంట పాడగుటకు నేను కారణము కాను. నేను పాడకున్న వేఱొకడు పాడుకొనును. వేలములో నిలిచిన ధరను పూర్తిగా చెల్లింతును. ఇట్లుండగా నేను పోయి పాట పాడినచో తప్పేమి?” అని యతడు మమ్ము అడిగెను.

అతడు చెప్పిన మాటలలో అసత్య మొక్కటియు లేదు. అయినను బొత్తిగా దోషము లేని పనిని చేయుటకు ఎవడును పొరుగూరికి పోయి యొకరి యనుమతి నడుగడు గదా! ఎడ్లను కొనబోవువాడు వాని పండ్లు చూచును, సుళ్లు చూచును. కొనుట ధర్మమా యని విచారింపడు. మా మిత్రుడు విచారించెను గనుక అతని అంతరాత్మ ఏదియో చెప్పుచున్నదనియు, ఆ మాట అతనికి స్పష్టముగా వినబడుట లేదనియు మేము గ్రహించితిమి. నిజము చెప్పవలెనన్న, మాకును అది వెంటనే వినబడలేదు. అందుచే నీ ప్రశ్నను కొంత నిదానముగా పరిశీలింపవలసి వచ్చెను.

మన యూరి వేలములతో నారంభించినచో మన బంధుమిత్రులు, మన పగలు, మన లాభములు అడ్డు వచ్చును. కావున ముందుగా సముద్రముల కావలనున్న అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోయి, ఆ దేశపు మధ్యభాగమున ఆయోవా, నెబ్రాస్కా, మిన్నెసోటా మొదలగు రాష్ట్రములలో 20వ శతాబ్దపు తొలి దశాబ్దములందు జరిగిన పొలపు వేలములను తలచుకొందము. ఈ ప్రశ్న యచ్చట ఏ ముసుగును లేకుండ వేలకొలది రైతుల యెదుట నిలిచెను. దూరపువారి వ్యవహారమున తీర్పు చెప్పునపుడు స్వలాభమను నలుసు మన కంటిలో పడదు.

ఆ దేశపు పల్లెలలో వేలమనగా మొదట నవమానము కాదు. మక్కజొన్న విరివిగా పండు ఆ సీమలలో కౌలుదార్లు మార్చి 1వ తేదీన పొలములు మారుట యాచారము. అందుచేత జనవరి, ఫిబ్రవరి మాసములందు, నేలపై మంచు కరగక మునుపే, వేలములు సాగుచుండెడివి. వృద్ధుడై సేద్యము మానువాడు, వేఱొక సీమకు తరలిపోవువాడు, భర్త గతించి పొలము నడుపుకొనలేని స్త్రీ - ఇట్టివారు తమ గుర్రములను, ఆవులను, నాగళ్లను, బండ్లను, తుదకు పొయ్యి కుర్చీలను గూడ పెరటిలో వరుసగా నిలిపి యమ్ముకొనెడివారు. సామాను జాబితాతో అచ్చువేసిన కాగితములు చుట్టుప్రక్కల అంగళ్లలో అంటింపబడుచుండెను. పాట నడుపువానిని జనులు గౌరవార్థము “కర్నలు” అని పిలిచెడివారు. అతడు తుపాకి పట్టి యెఱుగకపోయినను ఆ బిరుదునకు లోపము లేదు. ఈ విద్యను నేర్పుటకు 1905లో మిస్సోరీ రాష్ట్రమున నొక పాఠశాలయే వెలసెను. మధ్యాహ్నవేళ దేవాలయ సమాజపు స్త్రీలు భోజనము వండి యమ్మి, ఆ డబ్బును సంఘకార్యములకు వినియోగించుచుండిరి. చిన్న మొత్తములను రొక్కముగ నిచ్చుటయు, పెద్ద మొత్తములకు జామీనుతో నోటు వ్రాసి కొన్ని మాసముల గడువు పొందుటయు వాడుక.

ఇట్టి వేలమున పొరుగువారే కొనువారు. ఏ యావు తన్నునో, ఏ గుర్రమునకు ఎగరోగమో వారికి తెలియును. అమ్మువాడు అచ్చటనే నిలిచియుండును. అతని పిల్లలు తాము మేపిన దూడ ఎవరి యింటికి పోవునో యని చూచుచుందురు. అట్టిచోట ఒకడు పాత నాగలికి దాని విలువకు మించి పాడెనన్న, అది కొనుగోలు మాత్రమే కాదు, పోవువానికి చేయు మర్యాద. ఆ దినములలో ఎక్కువ పాడుటయే పొరుగుధర్మము. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొందురు గాక. కొలది సంవత్సరములలో అదే పెరటియందు అదే పొరుగువారికి తక్కువ పాడుట ధర్మమయ్యెను.

ఇచ్చట నొక్క మాట. వేలమునందు ధర చెప్పుటకు మన భాషలో పాటయని పేరు. గాయకుని పాటకును దీనికిని గల చుట్టరికమును పండితులు నిర్ణయింతురు గాక. మాకు తోచినది యిది: పాట ఒకని గొంతున పుట్టునదే యైనను, సభను బట్టి పెరుగును, సభను బట్టి తరుగును. వేలపు ధరయు నంతే. తూనికకు రాళ్లున్నవి, కొలతకు కుంచమున్నది. వేలపు ధరకు అట్టి కొల యేదియు లేదు. ఆ దినమున ఆ ముంగిట నెవరు నిలిచిరో, వారి మొలలలో నెంత సొమ్మున్నదో, వారి మనస్సులలో నేమున్నదో, అదియే ధరయగును. కావున “నిలిచిన ధర యిచ్చితిని” అని చెప్పువాడు సగము సత్యమునే చెప్పుచున్నాడు. ఆ ధరను నిలిపినవారిలో తానును ఒకడు గదా!

ఇక కాలము మారిన విధము. మొదటి ప్రపంచ యుద్ధమువలన ఐరోపాకు ధాన్యము కఱవై అమెరికా రైతు పంటకు గిరాకి పెరిగెను. 1919లో గోధుమ బుషెలు, అనగా సుమారు 27 కిలోగ్రాములు, రెండు డాలర్లకు మించి పలికెను. భూముల వెలలు రెట్టింపయ్యెను. ఎక్కువ దున్నుమని ప్రభుత్వము చెప్పెను. ఎక్కువ తీసికొమ్మని బ్యాంకులు చెప్పెను. రైతు రెండు మాటలును వినెను. 1920వ సంవత్సరపు ఉత్తరార్ధమున ధరలు కూలుట మొదలయ్యెను. పట్టణములు కోలుకొన్నను పల్లెలు కోలుకొనలేదు. 1929 తరువాత సర్వమును పడిపోయెను. 1932లో ఆ బుషెలు గోధుమకు నలువది సెంట్లైనను రాలేదు. మక్కజొన్న బొగ్గుకంటె చౌకయై కొన్ని యిండ్లలో దానినే పొయ్యిలో కాల్చుకొనిరి.

ఒక రైతు 1919లో వేయి డాలర్లు అప్పు తీసికొనెననుకొందము. ఆనాడు ఐదువందల బుషెళ్ల గోధుమతో ఆ యప్పు తీరును. 1932లో అదే వేయి డాలర్లు తీర్చుటకు రెండువేల ఐదువందల బుషెళ్లు అమ్మినను చాలదు. నోటుమీది యంకె మారలేదు. దాని వెనుకనున్న చెమట మాత్రము ఐదురెట్లయ్యెను. వడ్డీ వేఱు. అతడు సోమరియై చెడలేదు, త్రాగి చెడలేదు. ఎక్కువ పండించిన కొలది ధర పడిపోయెను గావున కష్టపడుటయే అతనికి కొంత శత్రువయ్యెను. 1933లో ఆ దేశమందు వేయింట 38 పొలములకు మించి తాకట్టు బాకీలక్రింద యజమానులనుండి పోయెను. మైదాన రాష్ట్రములలో నీ కీడు మిక్కిలి హెచ్చు. తండ్రి తాతలు గడ్డిమట్టితో ఇండ్లు కట్టుకొని సాగుచేసిన నేలయది.

అప్పుడు పొరుగువారు ఒక యుపాయము కనిపెట్టిరి. 1931లో నెబ్రాస్కా రాష్ట్రపు మాడిసను కౌంటీలో ఒక కుటుంబపు సామాను బ్యాంకు బాకీకై వేలమునకు వచ్చెను. రైతులు గుంపులుగా చేరిరి. మొదటి పనిముట్టునకు ఒకడు ఐదు సెంట్లు పాడెను. పాట నడుపువాడు ఎంత యఱచినను ఆపైన పాట లేదు. మఱియొక వస్తువు, మఱికొన్ని సెంట్లు, పశువులకును అట్లే. అంతయు ముగియునప్పటికి బ్యాంకునకు వచ్చినది 5 డాలర్ల 35 సెంట్లు. కొన్నవారు ఆ సామాను నంతయు ఆ కుటుంబమునకే తిరిగి యిచ్చివేసిరి. పిమ్మట ఇట్టివి పలుచోట్ల జరిగెను. వానికి “పెన్నీ వేలము”లని పేరు. మన మాటలలో దమ్మిడీ వేలములనవచ్చును. 1932 మే మాసమున ఆయోవాలోని డెమాయిన్ నగరమున మైలో రెనో నాయకత్వమున రైతుల యొక సంఘము ఏర్పడి, దానివారు ఈ వేలములకు బలగమై నిలిచిరి.

ఈ కథ వినిన వెంటనే మన హృదయము పొంగును. పొంగిన హృదయమును నమ్మి తీర్పు చెప్పుట మాత్రము క్షేమము కాదు. ఐదు సెంట్లకు గుఱ్ఱమును పాడినవాడు అసత్యమాడెనా? మేము చాలసే పాలోచించితిమి. గుఱ్ఱము విలువ ఐదు సెంట్లని అతడు చెప్పలేదు. నే నింతే యిత్తునని చెప్పెను. పాట నడుపువానికిని, బ్యాంకు ప్రతినిధికిని, చెట్టుమీది పక్షులకును అచ్చట జరుగుచున్నదేమో తెలియును. ఎవరు మోసపోయిరి? మోసపోయినవాడు లేని చోట అసత్యదోషమును ఆరోపించుటకు మా మనస్సొప్పదు. అయినను పదిమంది కూడబలుక్కొని పాటను అణచుట చట్టము దృష్టిలో చెల్లని పనియని ఆ దేశపు న్యాయాధిపతులు చిరకాలమునుండి చెప్పుచుండిరి. చట్టము అట్లు చెప్పుటకు మంచి హేతువున్నది. దానిని క్రింద మన గ్రామములలో చూతుము.

దీనికంటె కఠినమైన ప్రశ్న వేఱొకటి కలదు. ఆ మిగిలిన బాకీ ఎవరి నష్టము? బ్యాంకు నష్టమందుము. బ్యాంకనగా నెవరు? ఆ పల్లె బ్యాంకులు చిన్నవి. ఒక యుపాధ్యాయిని దాచుకొన్న జీతము, ఒక వితంతువు పొలమమ్మగా వచ్చిన సొమ్ము, ఆ బ్యాంకులలోనే యుండెను. అవి వందలకొలది మూతపడెను. దాచుకొన్నవారు వీథిలో నిలిచిరి. తూర్పు నగరముల భీమా కంపెనీలు ఇచ్చిన యప్పులైనను, ఆ ధనము చందాదారులదే. పెరటిలో కన్నీరు పెట్టుకొనువాడు కండ్లకు కనబడును గావున మనము అతని పక్షమగుదుము. కనబడనివాని కన్నీరు ఉప్పగా నుండదా? ఈ యాక్షేపమునకు పూర్తి సమాధానము మా యొద్ద లేదు. ఇంతమాత్రము చెప్పగలము: ధరలు కూలి యేర్పడిన నష్టమంతయు ఋణగ్రస్తుడొక్కడే మోయవలెననుట న్యాయము కాదు. ఐదువందల బుషెళ్ల విలువ యిచ్చి రెండువేల ఐదువందల బుషెళ్లు కోరుటయు న్యాయము కాదు. ఏమియు నీయక ఐదు డాలర్లతో చేతులు కడుగుకొనుటయు న్యాయము కాదు. న్యాయము ఈ రెంటి నడుమ నెచ్చటనో యున్నది; పెరటిలో నిలిచిన గుంపు దానిని కొలువజాలదు.

మూడవది త్రాటి సంగతి. అన్ని వేలములును కేవల మౌనముతో నడువలేదు. ఎఱుగక వచ్చిన పరదేశి పై పాట పాడబోయినచో భుజముమీద నొక బరువైన చేయి పడుచుండెను. కొన్నిచోట్ల ధాన్యపు కొట్టమునకు ఉరిత్రాడు వ్రేలాడగట్టబడెను. మఱి, ఆ బెదిరింపులు ఫలింపలేదా యన్న, ఫలించెను. 1933 జనవరిలో కొన్ని పెద్ద భీమా కంపెనీలు ఆయోవా పొలముల తాకట్టు వేలములను నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. ఫలితమే ధర్మమునకు ప్రమాణమగునెడల మేమీ పంక్తులు వ్రాయ నక్కరలేదు.

ఆ సంవత్సరము ఏప్రిలు 27వ తేదీన ఆయోవాలోని లె మార్స్ పట్టణమున రైతుల గుంపొకటి న్యాయస్థానమున ప్రవేశించి, ఇకమీద తాకట్టు తీర్పులపై చేవ్రాలు చేయనని ప్రమాణము చేయుమని న్యాయాధిపతియగు చార్లెస్ బ్రాడ్లీని నిర్బంధించెను. అతడు ఒప్పుకొనలేదు. అతనిని బయటి కీడ్చి, ఊరి వెలుపలికి గొనిపోయి, మెడకు త్రాడు తగిలించి, మురికి పూసి యవమానించిరి. ప్రాణముమీదికి వచ్చినను అతడు ఆ ప్రమాణము చేయలేదు. వారు తుదకు అతనిని వదలి పోయిరి. రాష్ట్రాధిపతి ఆ కౌంటీలో సైనిక శాసనమును ప్రకటించెను. ఆ గుంపులోని రైతులు దుర్మార్గులని మేమనజాలము. పొలము పోగొట్టుకొన్నవారును, పోగొట్టుకొనబోవువారును అందుండిరి. కాని ఆ దినమున వారు ఒక మనుష్యుని అంతరాత్మను వేలమునకు పెట్టి త్రాటితో పాట పాడిరి. ఆ సొత్తు అమ్ముడుపోలేదు.

మాడిసను పెరటిలోని మౌనమునకును లె మార్స్ త్రాటికిని గల భేదమే మా దృష్టిలో ఈ వ్యాసమునకు ప్రాణము. మౌనము వహించినవాడు తన లాభమును తాను విడిచిపెట్టెను. చౌకగా వచ్చు గుఱ్ఱము అతనికిని కావలసినదే; అతని యింటిలోను కష్టమే. అట్టివాడు చేయి యెత్తక నిలిచినపుడు తన చేతిపై తనకు గల యధికారమునే చెల్లించుకొనెను. త్రాడు పట్టినవాడు పరుని చేతిపై అధికారమును చెల్లింపజూచెను. మొదటిది త్యాగము, రెండవది దౌర్జన్యము. ఇంతవరకు సులభము. కాని పెరటిలో నూఱుమంది త్యాగమును ఒక్క పరదేశి పాట చెఱుపగలదు. ఆ భయముచేతనే త్రాడు వచ్చెను. త్రాడు లేని మౌనము ఓడిపోవునేమో! ఓడిపోవునని తెలిసియు మౌనమునే పట్టుకొని నిలువుమని, పిల్లలతో వీథిన పడబోవు తండ్రికి మేము చెప్పగలమా? చెప్పవలెననియే మా విశ్వాసము. అతని యెదుట నిలిచి చెప్పుటకు మా నోరు ఆడునో లేదో యెఱుగము.

చట్టము కొంత ఆలస్యముగా మేలుకొనెను. 1933 ఫిబ్రవరిలో ఆయోవా, ఏప్రిలులో మిన్నెసోటా, తాకట్టు వేలములకు గడువు నిచ్చు శాసనములు చేసెను. మిన్నెసోటా శాసనము అప్పును రద్దు చేయలేదు. కాలము నిచ్చి, ఆ కాలమున ఋణస్థుడు తగిన అద్దెను కట్టవలెనని చెప్పెను. 1934 జనవరి 8వ తేదీన ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఐదుగురు నలుగురుగా చీలి దానిని నిలిపెను. రైతుల దివాలా విషయమై 1934లో దేశమంతటికి వచ్చిన శాసనమును అదే న్యాయస్థానము 1935లో కొట్టివేసెను. సవరించి మరల చేసినదానిని 1937లో అంగీకరించెను. పెరటిలోని గుంపు కొలువజాలని నడిమి న్యాయమును వీరు కొలువ యత్నించిరి. గడువే వారు కనుగొన్న కొల.

ఆ పెన్నీ వేలములను మెచ్చుకొనువారు ఒక చేదు సంగతిని గూడ వినవలెను. పదేండ్లు తిరుగకమునుపే, 1942లో, అదే దేశపు పడమటి తీరమున జపాను వంశజులైన కుటుంబములను యుద్ధభయముచే ప్రభుత్వము శిబిరములకు తరలించెను. వారిలో సేద్యగాండ్రనేకులు. కొలది దినముల వ్యవధిలో బండ్లు, పనిముట్లు, ఇంటి సామాను వచ్చిన ధరకు వారు అమ్ముకొనవలసి వచ్చెను. కొన్నవారు పొరుగువారే. అచ్చట గుంపుగా చేరి ఐదు సెంట్లు పాడి తిరిగి యిచ్చినవారు లేరు. అయినను కాలిఫోర్నియాలోని ఫ్లోరిను ప్రాంతమున బాబ్ ఫ్లెచరు అను వ్యవసాయ తనిఖీ యుద్యోగి తన పని మానుకొని, మూడు కుటుంబముల ద్రాక్షతోటలను తానే సాగుచేసి, వారి పన్నులను తాకట్టు వాయిదాలను కట్టి, లాభమంతయు తీసికొమ్మని వారు చెప్పినను సగమే తీసికొని, 1945లో వారు తిరిగి వచ్చునప్పటికి తోటలను మిగిలిన సొమ్మును అప్పగించెను. ఊరివారు కొందఱతనిని దూషించిరి. అతనిపై తుపాకి గుండొకటి వచ్చెను. నెబ్రాస్కా రైతునకు నూఱుమంది తోడుండిరి. ఇతనికి తోడు లేదు. పొరుగువాడెవడను ప్రశ్నకు మన యిష్టము వచ్చిన గీత గీసికొని, ఆ గీత లోపల మాత్రము ధర్మాత్ములమగుట మనకు మిక్కిలి సులభము.

ఇక మన యిల్లు చూచుకొందము. మన గ్రామములలో వేలపు మౌనము కొత్త కాదు. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతమున పన్నుల నిరాకరణోద్యమము సాగినపుడు, జప్తు చేసిన సొత్తును పాడుకొనువారు సర్కారునకు కఱవైరి. ఆ మౌనము మనకు గర్వకారణము. కాని మఱియొక మౌనము కలదు. దానిని గూర్చి గర్వించువారు లేరు. టముకు వేయుదురు, అమీనా వచ్చును, చావడి ముందర నలుగురు నిలుతురు, షావుకారు మనిషి యొక్కడు చిన్న పాట పాడును, తక్కినవారు నేలచూపులు చూతురు. షావుకారునకు అందఱును బాకీయే! ఒకటవసారి, రెండవసారి, మూడవసారి. తాతలనాటి మాగాణి నిమ్మళముగ ఋణదాత యొడిలో పడును. అతడు తన పేర పాడరాదని కోర్టు నియమము పెట్టినచో బావమఱది పేర పాడించును.

నెబ్రాస్కాలోని మౌనమును, ఈ చావడి మౌనమును చెవికి ఒక్కటే. రెండుచోట్లను పాట పెరుగదు, రెండుచోట్లను ధర తక్కువ. అచ్చట సొత్తు పోగొట్టుకొనినవానికి తిరిగి పోయెను. ఇచ్చట పొంచియున్నవానికి పోయెను. పాటను అణచు ఒడంబడికలను చట్టము అనుమానించుటకు హేతువిదియే. చట్టము మూడవసారి యను మాటవఱకే వినును, ఆ తరువాత సొత్తు ఎటు పోవునో చూడదు. మా మిత్రుడు “పాడవచ్చునా, కూడదా” యని యడిగెను గాని, పాడిన తరువాత ఆ భూమిని ఏమి చేయుదునని చెప్పలేదు.

మన చట్టములు బొత్తిగా దయ లేనివి కావు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు, సేద్యగానికి జీవనాధారమని కోర్టు తలచిన పశువులను, విత్తనపు ధాన్యమును, వ్యవసాయపు పనిముట్లను జప్తు చేయరాదని చెప్పుచున్నది. వంటపాత్రలు, కట్టుబట్టలు, మతాచారముచే స్త్రీ విడువరాని ఆభరణములును అట్టివే. నాగలి పోదు, ఎడ్లు పోవు, మంగళసూత్రము పోదు. దున్నుటకు నేల మాత్రము పోవచ్చును! 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనము మఱికొంత దూరము పోయి, 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీని కొట్టివేసెను. అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు బాకీ తీరినదనెను. అసలును మించి వడ్డీ పెరుగరాదను మన ప్రాచీన నియమమే దాని నీడ. నేడు వార్తాపత్రికలలో బ్యాంకుల బంగారు నగల వేలపు ప్రకటనలు చూచునపుడు, పంటకై కుదువపెట్టిన ఆ గాజులు, గొలుసులు ఎవరివో యని మేము తలచుచుందుము. వానిని పాడుకొనువారికి ఆ పేర్లు తెలియవు. పల్లె వేలమున పేరు తెలియును. బాధయు నందే యున్నది, మేలుకొనుటకు అవకాశమును నందే యున్నది.

“నేను పాడకున్న వేఱొకడు పాడును” అను మాటకు మరల వత్తము. ఒంటరివాని నోట నిది సత్యము. నూఱుమంది నోట నిది అసత్యము. నూఱుమందియు మానినచో పాడువాడెవడు? మాడిసను రైతులు వేఱువేఱుగా తమ యింటనే యుండి తమతమ అంతరాత్మలను శుభ్రముగ నుంచుకొనిన, ఆ సామాను ఎవనికో పోయియుండెడిది. వారు వెళ్లిరి; కలిసి నిలిచిరి; తరువాత తిరిగి యిచ్చిరి. ఈ మూడింటిలో మధ్యదానిని మాత్రము మెచ్చుకొని తక్కిన రెంటిని మఱచువారు పలువురు.

మా మిత్రునకు మేమప్పుడు ఇంత చెప్పలేదు. “నీ మనస్సు ఒప్పని పనికి పోకుము” అని మాత్రము చెప్పితిమి. అతడు మంచివాడు, వేలమునకు పోలేదు. ఆ భూమిని పొరుగూరివాడొకడు తక్కువ ధరకు పాడుకొనెను. అతడు మరల మా యొద్దకు వచ్చి, “నేను మానుకొంటిని, వానికేమి మేలు కలిగెను?” అని యడిగెను. మేము తలవంచుకొంటిమి. మా సలహా అతని చేతులను శుభ్రముగ నుంచెనే గాని పొరుగువాని గట్టును కాపాడలేదు. టముకు మ్రోగకమునుపే నలుగురు రైతులతో ఋణదాత యింటికి పోయి గడువు నడుగుమని మేము చెప్పవలసినది, మాకు తోచలేదు.

పిమ్మట కోడు విప్పి చూచితిమి. కోర్టు వేలము జరిగిన 60 దినములలోపల, ప్రకటనలో చూపిన డిక్రీ మొత్తమును, కొన్నవానికి పరిహారముగ కొనుగోలు ధరపై నూటికి ఐదు చొప్పునను కోర్టున కట్టి, వేలమును రద్దు చేయుమని భూమి యజమాని కోరవచ్చును. కొన్నవానికి అన్యాయము లేదు, అప్పిచ్చినవానికి నష్టము లేదు, ఎవరి మెడకును త్రాడు లేదు. కావలసినది సొమ్ము. మా మిత్రుని యొద్ద, గట్టు ప్రక్క భూమి కొనవలెనని దాచిన సొమ్ము యున్నది, అది చాలదు. మఱి ముగ్గురు నలుగురు చేయి కలిపి, వడ్డీ లేక కొన్ని పంటల గడువున ఆ రైతునకు బదులిచ్చిన చాలును. ఈ మాట చెప్పగా అతడు చాలసేపు మాటాడలేదు. తరువాత లేచి, ఆ ముగ్గురెవరో తనకు తోచుచున్నదని చెప్పి పోయెను. వేలము జరిగి నేటికి పదునేడు దినములైనది.